వెండికే విచారణ

మునిగిన బ్రిటిష్ ప్రయాణికుల నౌక తిలావాలోని వెండి కోసం, దాన్ని వెలికితీసిన సంస్థ, దాని సొంతదారైన దక్షిణాఫ్రికా ప్రభుత్వం లండన్‌లో హైకోర్టు, అప్పీలు కోర్టు, సుప్రీంకోర్టు మూడు మెట్లూ ఎక్కాయి. హిందూ మహాసముద్రంలో రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి 2017లో తీసిన 2,364 కడ్డీలవి. వ్యాపార వినియోగంలో ఉన్న సరకు కాదు గనుక దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి సార్వభౌమ రక్షణ (ఒక దేశంపై మరో దేశపు కోర్టులో దావా నడవకుండా ఉండే హక్కు) వర్తిస్తుందని 2024 మేలో తీర్పొచ్చింది. 1942 నవంబరు 23న జపాన్ జలాంతర్గామి టార్పెడోలకు ఆ ఓడతో పాటు 280 మంది పోయారు. బొంబాయిలో ఎక్కిన మనవాళ్లే వారిలో ఎక్కువ. వారి అస్థికల సంగతి మాత్రం ఏ మెట్టు మీదా విచారణాంశం కాలేదు.

కోట్లు వెచ్చించి తీసినవారికి ప్రతిఫలం దక్కాలనడంలో న్యాయముంది. మా అభ్యంతరం తీసే పద్ధతి మీద. అంత లోతుకు ఈతగాడు దిగలేడు. కేబుల్‌కు కట్టి పైనున్న ఓడ నుంచి నడిపే ఆర్‌ఓవీ యంత్రాలు వెళ్లి, సరకు గది చేరడానికి అడ్డొచ్చిన ఇనుప రేకులను కోస్తాయి, శిథిలాలను పక్కకు లాగుతాయి. బురద లేచి కెమెరాకు ఏమీ కనపడదు. కదిలించాక ఏది ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పలేరు. ఎముకలు కనిపించలేదన్న మాట చెల్లదు. లోతు నీళ్లలో ఎముక క్రమంగా కరిగిపోతుంది, టానిన్ (తోలును పదును చేసే పదార్థం) పట్టించిన తోలు మిగులుతుంది. 3,800 మీటర్ల లోతున టైటానిక్ చుట్టూ జతలు జతలుగా పడి ఉన్న బూట్లే ఒక్కో మనిషి ఒరిగిన చోటుకు గుర్తు.

1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ (ఆపదలో పడిన ఓడలను, సరకును కాపాడే పని) ఒడంబడికలో ప్రతిఫలానికి హద్దు దక్కిన ఆస్తి విలువ. మృతదేహానికి అందులో పద్దే లేదు. మృతులున్న శిథిలాల రక్షణకు బ్రిటన్ 1986లో చేసిన చట్టం సైనిక సేవలో ఉన్న నౌకలకే. మరి ప్రయాణికులకు? బాల్టిక్ సముద్రంలో 1994లో ఎస్టోనియా అనే ప్రయాణికుల ఓడ మునిగి 852 మంది పోతే, మరుసటి ఏడాదే స్వీడన్, ఫిన్లాండ్, ఎస్టోనియా ఆ చోటును సమాధిగా ప్రకటించి జోలికెళ్లడం నేరమన్నాయి. బాల్టిక్‌లో ప్రయాణికులకు దక్కిన మర్యాద హిందూ మహాసముద్రంలో ఎందుకు దక్కదు? మృతుల ఊసెత్తకుండానే సరకు తీసుకుపోవచ్చన్న ఆనవాయితీ ఇలా స్థిరపడితే రేపు ఏ ఓడకూ దిక్కుండదు.

మానవ అవశేషాలను గౌరవించాలని చెబుతున్న 2001 యునెస్కో ఒడంబడిక నీళ్లలో 100 ఏళ్లున్నవాటికే వర్తిస్తుంది. తిలావాకు 2042 దాకా ఆ నీడా లేదు. అందులోనూ భారత్ చేరలేదు. వెంటనే చేరాలి. అంతటితో ఆగకుండా, మనవాళ్లు పోయిన ఓడల విషయంలో బ్రిటన్‌తో ఎస్టోనియా తరహా ఒప్పందానికి పట్టుబట్టాలి. ఒక్క రేకు కోసే ముందు శిథిలమంతా వీడియో పటం తీయాలి. బూట్లు, దుస్తులు కనిపించిన చోటును గుర్తించి యంత్రాలను దూరంగా ఉంచాలి. పని ఆపించే అధికారమున్న పురావస్తు నిపుణుడు ఓడ మీద ఉండాలి. తవ్విన ప్రతి గంట రికార్డూ ప్రభుత్వానికి, మృతుల కుటుంబాలకు చేరాలి. 6,000 మీటర్ల లోతుకు మనుషులను దింపే 'మత్స్య' అనే వాహనాన్ని సిద్ధం చేసుకుంటున్న దేశానికి ఈ నాలుగు షరతులు రాసుకోవడం చేతకాదా?