వ్యాసం పక్కన ‘ఎవరికి?’ అని రాసే అధ్యాపకుడు కావాలి

బడి నుంచి డిగ్రీ దాకా మన విద్యార్థికి వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం అనే శీర్షికల కింద గైడులో చదివినదాన్ని మూడు గంటల పరీక్షలో గుర్తున్నంత మేర నింపడమే. అలాంటి విద్యార్థి పీజీ ప్రాజెక్టు దగ్గరో, పీహెచ్‌డీ దగ్గరో ‘ఇందులో నీ వాదన ఏమిటి?’ అన్న ప్రశ్నకు తడబడితే అది అతని లోపం కాదు. అంతవరకూ ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకుందాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ నిర్మాణం గురించి రాయమంటే చాలామంది కాటన్ జీవిత విశేషాలతో ఆరంభించి, డెల్టా సస్యశ్యామలమైందని ముగిస్తారు. ఆ చివరి వాక్యం పక్కన అధ్యాపకుడు ‘ఎవరికి?’ అని ఒక్క మాట రాసి తిరిగి ఇస్తే అసలు పని అక్కడ మొదలవుతుంది. కాలువ మొదట్లో ఉన్న రైతుకూ, శివారు ఆయకట్టు రైతుకూ నీరు ఒకేలా అందిందా, భూమిలేని కూలీకి దక్కిందేమిటి అని పాత జిల్లా గెజిటీర్లలో, శిస్తు లెక్కల్లో వెతికిన విద్యార్థి, రెండో ప్రతి రాసేటప్పుడు తన మొదటి వాక్యాన్ని కుదించుకోవలసి రావచ్చు, పూర్తిగా వదులుకోవలసీ రావచ్చు. ఆధారం ముందు తన మాటను సరిదిద్దుకోగలగడాన్నే నేను రచనా నైపుణ్యం అంటాను. భాషా సౌష్ఠవం దాని తర్వాతిది.

మన విశ్వవిద్యాలయాల్లో సొంత ఆలోచన అన్న విషయం చివరి మెట్టు మీద, అదీ ఒక నిషేధంగా ఎదురవుతోంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం దాటి 40 శాతం లోపు ఉంటే 6 నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. గ్రంథచౌర్యానికి శిక్ష ఉండవలసిందే. అయితే ఇతరుల ఆలోచన ఎక్కడ ముగిసి తన ఆలోచన ఎక్కడ మొదలైందో చూపడం ఎవరూ నేర్పనప్పుడు, విద్యార్థి పర్యాయపదాలు మార్చి శాతం తగ్గించుకునే పనిలో పడతాడు. అప్పుడు సాఫ్ట్‌వేర్ సంతృప్తి పడవచ్చు గానీ ఆలోచన మాత్రం అరువుదిగానే మిగులుతుంది.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి మరో భారం ఉంది. వాదన కుదరకముందే ఇంగ్లీషు వాక్యం కుదరాలని పట్టుబడితే రెండూ కుదరవు. తొలి చిత్తుప్రతిని తెలుగులో రాయనిచ్చి, వాదన నిలిచాక ఇంగ్లీషులోకి తీసుకెళ్లమనడం న్యాయం.

అరవై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి వ్యాసాన్నీ రెండుసార్లు దిద్దడం సాధ్యమా అని అధ్యాపకులు అడుగుతారు. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్న విభాగాల్లో ఆ ప్రశ్న సమంజసమైనదే. అందుకే పది పేజీల అసైన్‌మెంటుకు బదులు ఒకే పేజీ అడగాలి. ఇంటర్నల్ మార్కుల్లో సగం మొదటి ప్రతికి కాక, దిద్దిన తర్వాత అందులో వచ్చిన మార్పుకు కేటాయించాలి.