బానెట్ మీద పదును

నా కారు మెరుస్తుందన్నది నా మీద మా వీధిలో ఉన్న ప్రధాన ఆరోపణ. అబద్ధమని నేను అనను. మెరుస్తుంది. ఎదురింటి మేడ మీద ఆరేసిన చీరల అంచులు నా బానెట్లో లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఆ మెరుపు వెనక ఉన్న శాస్త్రాన్నీ చరిత్రనూ పట్టించుకోకుండా, "కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు, ఈయన కారుకు తలంటు పోస్తాండాడు" అని బిందెల దగ్గర గుసగుసలాడుకోవడం నన్ను బాధించింది. అందుకే ఈ వివరణ.

నేను కారుకు పూసేది కార్నౌబా మైనం. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు కళ్యాణదుర్గం పక్క నుంచి వచ్చిన మా చిన్నాయన, "కర్నూలుదా అబ్బా?" అని అడిగాడు. కర్నూలుది కాదు, బ్రెజిల్‌ది. ఆ దేశపు ఈశాన్య మూల సెయరా, పియావీ అనే రాష్ట్రాలున్నాయి. అక్కడ పెరిగే ఒక జాతి తాటిచెట్టు ఆకుల మీద పట్టే పొడే ఈ మైనం. మన తాటాకులాగే విసనకర్రలా విచ్చుకునే ఆకు. వేసవిలో ఒంట్లోని నీళ్లు ఆవిరైపోకుండా చెట్టు తన ఆకులకు తనే ఈ పూత పూసుకుంటుంది. అక్కడివాళ్లు దాన్ని ప్రాణవృక్షం అంటారు. ఆకులు కోసి, ఎండలో ఆరబెట్టి, బాదితే పొడి రాలుతుంది. దాన్ని కరిగించి వడగడతారు. అన్నిటికంటే లేత ఆకుల మైనం పసుపుపచ్చగా, శ్రేష్ఠంగా ఉంటుంది. ముదురాకులది మట్టిరంగు. నాది పసుపుపచ్చదని డబ్బా మీద రాసి ఉంది. అక్కడి కొన్ని తోటల్లో కూలీలతో వెట్టిచాకిరీ చేయిస్తున్నారని బ్రెజిల్ ప్రభుత్వ తనిఖీల్లోనే బయటపడింది. ఆ సంగతి డబ్బా మీద రాయలేదు. నేను కూడా ఇక్కడ పెద్దగా రాయను. మెరుపు తగ్గుతుంది.

ఈ చెట్టుతో మనకు చుట్టరికం ఉందని నా పరిశోధనలో తేలింది. 1876లో మొదలైన ధాత కరువు సంగతి మన జిల్లాల్లో పెద్దవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. బళ్లారి, కర్నూలు, కడప ఎండిపోయి జనం పిట్టల్లా రాలిన కరువు అది. మా అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం, 1882లో గానీ వేరు పడలేదు. సరిగ్గా అదే రోజుల్లో, 1877 నుంచి 79 దాకా, సెయరాలోనూ మహా కరువు. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్‌నినో వస్తే అక్కడా వాన పోయింది, ఇక్కడా వాన పోయింది. ఒకే దెబ్బ తిన్న రెండు ఊళ్లు చుట్టాలు కాక మరేమవుతాయి? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే ఊళ్లో కూర్చుని, కరువు సీమ చెట్టు తన నీళ్లు కాపాడుకోవడానికి దాచుకున్న పూతను నా కారుకు పూస్తున్నాను. పూసే ముందు నాలుగు బకెట్ల నీళ్లతో కారు కడుగుతున్నాను. ఇందులో వెటకారం ఏదో ఉందని మా ఆవిడ అంటుంది. నాకు కనపడలేదు.

మన తాటిచెట్లు ఈ రంగంలో వెనకబడ్డాయని ఒప్పుకోవాలి. వాటిని గీస్తే కల్లు వస్తుంది. దాంతో మనిషి ఓ పూట మెరుస్తాడు, అంతే.

ఈ మైనం కోసం జనం ఎంత దూరం పోయారో మా వీధివాళ్లు తెలుసుకోవాలి. 1935లో అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి హెచ్.ఎఫ్. జాన్సన్ అనే మైనం కంపెనీ యజమాని, నీళ్ల మీదా నేల మీదా దిగగల విమానం ఎక్కి బ్రెజిల్ దాకా పోయాడు, ఈ చెట్లు సరిపడా ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోవడానికి. విమానానికి కార్నౌబా అనే పేరు పెట్టుకున్నాడు. 1998లో ఆయన కొడుకు అలాంటి విమానమే మళ్లీ చేయించుకొని అదే దారిన వెళ్లొచ్చాడు. నేను ఫోన్లో ఒక బొత్తాం నొక్కి తెప్పించుకున్నాను. రెండు వేల ఆరు వందలు. దాంతో పాతిక కేజీల సోనామసూరి బస్తా వచ్చేదని ఇంట్లో ఒక అభిప్రాయం వ్యక్తమైంది.

డబ్బా మూత తీస్తే పసుపుపచ్చని ముద్ద, మీద కొబ్బరి వాసన. 'నూరు శాతం కార్నౌబా' అని బంగారు అక్షరాలు. ఇది నిజం కావడానికి వీల్లేదని నాకు తెలుసు. సహజ మైనాల్లో ఇంత గట్టిది లేదు. 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు. ఉత్త కార్నౌబా అయితే అది డబ్బాలో రాయిలా ఉంటుంది, దాన్ని కారు మీద రుద్దడం కడప బండతో కారును రుద్దడమే. కాబట్టి ఎవరు అమ్మినా అందులో నూనెలో, ద్రావకాలో, తేనెమైనమో కలపాల్సిందే. ఆ నూరు శాతం అన్నది డబ్బాలోని మైనంలో కార్నౌబా ఎంత అన్న లెక్క కావచ్చు, డబ్బా మొత్తం లెక్క కాదు. "నూటికి నూరు పాళ్లు ఆవు నెయ్యి" అన్న బోర్డుల మధ్య పెరిగినవాణ్ణి కనుక నేను గొడవ చేయలేదు.

ఇదే మైనాన్ని పిల్లలు తినే రంగుబిళ్లల మీదా, కొన్ని మాత్రల పైపూతలోనూ, లిప్‌స్టిక్కుల్లోనూ, బూట్ పాలిష్‌లోనూ వాడతారు. తినేవాటి మీద ఇ-903 అని ఉంటుంది. ఈ విజ్ఞానం ఇంట్లో పంచినందుకు నాకు దక్కిన సమాధానం: "అయితే మీ బీపీ మాత్రలు నూరి పూసుకోండి, ఖర్చు కలిసొస్తుంది."

ఇక ప్రయోగం దగ్గరికి వద్దాం. నాది నల్లకారు. ఏప్రిల్‌లో నలభై రెండు డిగ్రీలు కాసే ఊళ్లో నల్లకారు ఎందుకు కొన్నావంటే, తెల్లకారు మీద మైనం తెలియదు కాబట్టి. మా ఆఫీసులో ఒకాయన తెల్లకారుకు మూడు గంటలు పూసి, పూయని సగం ఏదో పూసిన సగం ఏదో తానే మర్చిపోయాడు. ముదురు రంగు మీదే లోతు కనపడుతుంది. అద్దంలో కాదు, బావిలోకి చూసినట్టుంటుంది. బావిలో నీళ్లు కనపడే భాగ్యం ఈ ఊళ్లో నా కారు ఒక్కదానికే ఉందని గర్వంగా మనవి చేస్తున్నాను.

డబ్బా వెనక షరతు ఒకటి: నీడలో, చల్లటి లోహం మీద పూయాలి. ఎండలో పూస్తే అంటుకుని గట్టిపడి తుడుపుకు రాదు. మా ఇంటి ముందు నీడ అంటే వేపచెట్టు నీడే. వేపచెట్టు మీద కాకులు. కాకి రెట్ట పుల్లటిది, ఎండకు ఎండిందంటే కారు పైపూతను తినేస్తుంది. ఆ పైపూత, అదే క్లియర్‌కోట్, మందం ఎంతనుకున్నారు? నలభై, యాభై మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పలచన. అంత పలచని దాన్ని కాకి నుంచి కాపాడేందుకు మైనం కావాలి. మైనం పూయడానికి నీడ కావాలి. నీడలోకి పోతే కాకి ఉంది. మూడు ఆదివారాలు ఈ సమస్యతో గడిపాను. చివరికి మా ఆవిడ పాత చీర ఒకటి వేపకొమ్మకూ గేటుకూ కట్టి, దాని కింద పూశాను. చీర పాతది కాదని సాయంత్రం తెలిసింది.

పూత పలచగా ఉండాలి. సాంబారులో నెయ్యి వేసే చేతితో వేస్తే చెడుతుంది. ఉల్లిపొర కంటే పలచగా పూసి, మసకబారేదాకా ఆగి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. నల్ల ప్లాస్టిక్ బంపరుకు అంటిందంటే తెల్లటి మరక పడుతుంది, వదలదు. నా బంపరుకు ఇప్పుడు నామాలున్నాయి. చూసినవాళ్లు భక్తి అనుకుంటున్నారు, నేను కాదనడం లేదు.

భక్తి అంటే గుర్తొచ్చింది. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దగ్గర వాహన పూజ చేయించకుండా మా వైపు కారు రోడ్డెక్కదు. పూజారి బానెట్ మీద సింధూరంతో బొట్టు పెడితే నూనె సింధూరం క్లియర్‌కోట్ మీదకు పాకుతుంది. పూజకు ముందే మైనం పూసుకొని వెళ్లిన ఏకైక భక్తుణ్ణి నేనే అనుకుంటాను. బొట్టు పెట్టగానే జారింది. పూజారి నా వైపు చూసిన చూపు వల్ల రెండు కొబ్బరికాయలు అదనంగా కొట్టాల్సి వచ్చింది.

సర్వీసింగ్‌కు పోతే అక్కడి కుర్రాడు, "పాలిష్ కొట్టిద్దామా సార్, టెఫ్లాన్ ఉంది, సిరామిక్ ఉంది" అంటాడు. మైనమూ పాలిష్షూ ఒకటి కాదని వాడికి అరగంట చెప్పాను. పాలిష్ అంటే గీతలు పోవడానికి పైపూతనే కాస్త అరగదీయడం. మైనం అంటే దాని మీద ఇంకో పొర వేయడం. పాలిష్ క్షవరం అయితే మైనం నూనె. మైనంతో గీతలు పోవు, గీతలు పడకుండానూ ఆగవు, ఊరికే కాస్త దాక్కుంటాయి. అంతా విని, "అయితే ఎన్ని రోజులుంటది సార్ మీది?" అన్నాడు. ఇదీ నిజాయితీ గల ప్రశ్న. ఆరు వారాలు. మా ఎండలకు నాలుగు. సిరామిక్ ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ ఒకసారి పూసి ఏళ్ల తరబడి ఊరుకుంటే ఆదివారాలు నేనేం చేయాలి?

పూసిన తర్వాత కారు మీద కవరు కప్పేస్తాను. దుమ్ము కదా! కవరు కింద నా కారు ఎంత మెరుస్తుందో మీరు ఊహించలేరు. నేను కూడా ఊహించుకుంటున్నాను.

మా జిల్లాకు కార్లతో సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్లకు పెనుకొండ చూపించాలి. అక్కడ ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా ఫ్యాక్టరీలో కార్లు తయారవుతున్నాయి. శెనక్కాయ పండని నేల కార్లు పండించింది. తర్వాత 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ఫ్యాక్టరీ శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. కరువును మాత్రం రెండు జిల్లాలకూ సమానంగా పంచారు.

అసలు కష్టం వేరే ఉంది. మైనం బాగా పట్టిందా లేదా అన్నది నీళ్లు పడితేనే తెలుస్తుంది. మంచి పూత మీద నీటి చుక్క పరుచుకోదు, ముత్యంలా గుండ్రంగా నిలబడుతుంది. చుక్క చప్పిడిగా పడుకుందంటే మైనం అయిపోయినట్టు. ఇది వాన కురిసే దేశాల వాళ్లు పెట్టిన పరీక్ష. నైరుతి వాన పశ్చిమ కనుమల దగ్గరే ఖర్చయిపోయి, ఈశాన్య వాన తమిళనాడు దాటేసరికి అలిసిపోయి, రెండూ మాకు చేయి ఊపి వెళ్లిపోయే ఊరు మాది. జూన్ అంతా మబ్బు చూసి చూసి, చివరికి బోరు నీళ్లు మగ్గుతో చల్లి చూశాను. ముత్యాలు నిలబడ్డాయి. ఫోటోలు తీశాను. ఈలోగా ఎండకు ముత్యాల్లోని నీరు పోయి, బోరు నీళ్లలోని సున్నం మాత్రం మిగిలింది. బానెట్ నిండా ఒకే కొలతలో తెల్లటి చుక్కలు. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టే ఉన్నాయి, గీతలు కలపడమే తరువాయి. మైనం లేని కారు మీద ఇంత ముచ్చటగా పడవు.

ఆ రోజే చిన్నాయన వచ్చాడు. చాలాసేపు నిలబడి చూశాడు.

"ఏమబ్బాయ్, ఆముదం రాస్తాండావా?"

మైనమని చెప్పాను. చెట్టు సంగతి, కరువు సంగతి, విమానం సంగతి కూడా చెప్పాను.

"మేమూ ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తాంటిమి లే. ఏరువాక పున్నమికి, ఏడాదికొక తూరి. నీది నెలకొక తూరా?" అన్నాడు. కాసేపాగి, "ఎద్దయితే సేద్యం చేస్తాది" అని గొణిగాడు. వయసైపోయిన మనిషి, నేను వాదించలేదు.

జూలై రెండో వారంలో ఒక రాత్రి వాన పడింది. మామూలు వాన కాదు, రేకుల మీద చప్పుడుకు లేచి కూర్చున్నాం. తెల్లారేసరికి వీధి వీధంతా బయట ఉంది. నేను కవరు లాగేసి బానెట్ ముందు నిలబడ్డాను. రెండేళ్ల నా తపస్సు ఫలించింది. ఎన్ని వేల చుక్కలో, ఒక్కటీ పక్కదానితో కలవలేదు. అప్పుడే ఫోను మోగింది.

"అప్పా, ఇక్కడ బాగా పదునైంది. గొర్రు కడతాండాం. శెనక్కాయ విత్తనాలేస్తాం. టౌన్లో వాన ఎట్లుండాది?"

"అద్భుతం చిన్నాయనా! ఎక్కడి చుక్క అక్కడే నిలబడింది. ఒక్కటి కూడా లోపలికి పోలేదు!"

అవతల కాసేపు మాట లేదు. గొర్రు పలుపులు బిగిస్తున్న చప్పుడు వినపడింది.

"నిలబడితే ఏం లాభమప్పా, ఇంకాల గదా!"