నా ఎడమచేతిని వెలివేసిన క్యూసు గారికి బహిరంగ లేఖ

టీ పోసే జపాన్ మట్టి కూజా, మహారాజశ్రీ క్యూసు గారి దివ్య సముఖానికి, మీ ఇంటి ఎడమచేతివాటం సేవకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీయే గానీ, మూడేళ్ళుగా నగోయాలో ఒకే వంటగట్టు మీద కాపురం ఉంటున్నాం కనుక మీ క్షేమం నాకు తెలుసు, నా అవస్థ మీకు తెలుసు.

మీది తోకొనామె. పన్నెండో శతాబ్దం నుంచి కుమ్మరి ఆవం ఆరని ఊరు. పైపూత లేకుండా కాలిన ఎర్రమట్టి ఒళ్ళు, ముక్కు మొదట్లో మట్టితోనే తీర్చిన సన్నని జల్లెడ, ఊదినా కదలని మూత, ఇన్ని హంగులు అమర్చిన మీ కుమ్మరి, పిడిని మాత్రం ముక్కుకు ఎదురుగా కాక పక్కన పెట్టాడు. అదీ కుడిచేతి వాళ్ళ కోసమే పెట్టాడు. వాళ్ళు బొటనవేలితో మూత అదిమిపట్టి మణికట్టును కాస్త లోపలికి వంచితే చాలు, టీ ధారగా దిగుతుంది. నేను ఎడమచేత్తో పట్టుకుంటే మీ ముక్కు బయటి దిక్కు చూస్తుంది, మణికట్టును వెలుపలికి మెలిపెడితే తప్ప చుక్క రాలదు. చిన్నప్పుడు తెనాలిలో ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా నాయనమ్మ అట్లకాడతో వేళ్ళ మీద ఒక్కటి వేసేది. ఆవిడ కంటబడకుండా సముద్రాలు దాటి వస్తే, ఆవిడే మట్టి రూపం ఎత్తి నా వంటింట్లో వెలసింది.

ఇది చాలదన్నట్టు నీళ్ళ విషయం. పాలు, పొడి, పంచదార కలిపి మూడు పొంగులు రానిస్తే తప్ప టీ కాదని నమ్మిన వంశం నాది. మీ కొలువులో మరిగిన నీళ్ళు అంటరానివి. వాటిని ముందు కప్పుల్లో పోసి, కప్పుల్లోంచి యుజమాషి అనే మూతలేని గిన్నెలోకి వంపి, పాత్ర మారినప్పుడల్లా సుమారు 10 డిగ్రీలు దిగుతుందని లెక్కపెట్టుకొని, 70 డిగ్రీల దగ్గరకు వచ్చాక మీ పొట్టలో ఉన్న 4 గ్రాముల సెంచా అనే పచ్చటి టీ ఆకు మీద పోసి, కదపకుండా, కుదపకుండా ఒక్క నిమిషం చేతులు కట్టుకొని నిలబడాలి. కాఫీని రెండు గ్లాసుల మధ్య తిరగబోయడంలో మా వాళ్ళు ఎవరికీ తీసిపోరు గానీ, అది నురగ కోసం, నలుగురూ చూడడం కోసం. ఇక్కడ చూసే నాథుడు లేడు.

కారణం లేకపోలేదని ఒప్పుకుంటాను. ఆకులోని తియ్యందనం, థియానిన్ అనే పదార్థం, గోరువెచ్చని నీటికి కూడా లొంగుతుంది. వగరునిచ్చే కాటెచిన్లు వేడి పెరిగేకొద్దీ విజృంభిస్తాయి. కోతకు ముందు ఇరవై రోజుల పాటు పరదా కింద పెంచే గ్యోకురో అనే టీ ఆకుకు 50, 60 డిగ్రీలు మించకూడదన్నది అందుకే. ఎండ తగలనివ్వకపోతే ఆ థియానిన్ కాటెచిన్‌గా మారడం తగ్గుతుందట. అంత ఘోషాలో పెరిగిన ఆకు మీద, ఆఫీసు రైలు తప్పిపోతోందన్న కంగారులో, ఒక సోమవారం నేను కళపెళ మరుగుతున్న నీళ్ళు పోశాను. ఉగాదికి ఇంకా రెండు నెలలుండగానే వేపపువ్వు నోట్లో పడింది. ఆ రోజు మీరు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మీ పద్ధతి.

ఈ తంటా అంతటికీ మూలపురుషుడు ఉజి ప్రాంతపు రైతు నగతానీ సోయెన్. 1738లో ఆయన లేత ఆకును ఆవిరికి పెట్టి, చేతులతో నలుపుతూ ఆరబెట్టే పద్ధతి కనిపెట్టి, ఆ పచ్చటి టీని ఎదో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకు, మోసుకెళ్తే, యమమోటో కహే అనే వర్తకుడు మెచ్చి అమ్మిపెట్టాడు. ఆవిరి తగిలితే ఆకు నల్లబడదు, సరే. నా చేయి మాట ఆ ఇద్దరిలో ఒక్కరికైనా తట్టిందా?

పోయడంలో మీ న్యాయం చూస్తే మాత్రం నోరు మూతపడుతుంది. మొదటి కప్పులో కొంచెం, రెండో దాంట్లో కొంచెం, మళ్ళీ వెనక్కి, రెండింటికీ సమానమైన చిక్కదనం వచ్చేదాకా పోస్తూ పోవాలి. పెళ్ళి పంక్తిలో నెయ్యి వడ్డించేవాడికి కూడా ఇంత సమదృష్టి ఉండదు. ఆపైన చివరి బొట్టు కోసం మిమ్మల్ని నిలువునా వంచి పట్టుకోవాలి, ఎందుకంటే లోపల నీరు మిగిలితే రెండో వాయి చేదెక్కుతుంది. ఆ బొట్టు జల్లెడ చివర ఉబ్బి, ఆగి, వణికి, ఎప్పటికో రాలుతుంది. ఈలోగా నా మణికట్టు మీ ఊరి బంకమట్టి అయిపోతుంది.

మొన్న మే నెలలో, కొత్త ఆకు దిగిన వారంలో, అమ్మ వచ్చింది. మొదటి గుక్కకు “పాలకూర ఉడికించిన నీళ్ళురా ఇవి” అంది, రెండో కప్పు అడక్కుండానే జరిపింది. మూడో వాయి అయ్యాక నేను ఆకు పారబోయబోతుంటే చేయి పట్టుకొని ఆపి, కందిపప్పులో వేసి ఇంగువ పోపు పెట్టింది. ఇక్కడి వాళ్ళు కూడా దానిమీద సోయా సాస్ చిలకరించుకొని తింటారని చెబితే, “మరి ఇన్నాళ్ళూ పారేశావా?” అని మీ ఎదుటే నన్ను కడిగేసింది. మీరు అప్పుడూ మౌనమే.

కాబట్టి తెలియజేయునది ఏమనగా, వచ్చే శనివారం మీ ఊరు వెళ్తున్నాను. పిడి అటువైపు ఉన్న క్యూసులు తక్కువగానైనా చేస్తారు, ఒకటి మాట్లాడి ఉంచాను. మిమ్మల్ని అటకెక్కించను, భయపడకండి. వేయించిన ఆకు హోజిచా ఉంది, దానికి మరిగే నీళ్ళే పోయాలి. ఆ పని ఇకమీదట మీదే.

ఇట్లు,
మీ పుర్రచేతి విధేయుడు