కేత్తిలో మా బాబాయి క్లైమాక్స్

'వసంత కోకిల' చూసి ఏడవనివాడు మనిషే కాదంటాడు మా బాబాయి. బాలూ మహేంద్ర 1982లో తమిళంలో తీసిన 'మూండ్రాం పిరై'కి అది తెలుగు డబ్బింగు. కమల్‌హాసన్‌కి జాతీయ అవార్డు తెచ్చిన ఆ సినిమా ఆఖరి సీను తీసింది నీలగిరుల్లోని కేత్తి స్టేషన్లో. ఈ ముక్క బాబాయి ఎక్కడ విన్నాడో గానీ, ఊటీ టిక్కెట్లు దొరికిన రోజు నుంచీ అద్దం ముందు ఒకటే ఏడుపు ప్రాక్టీసు.

సీను గుర్తుందిగా? పాత జ్ఞాపకం తిరిగొచ్చిన శ్రీదేవి రైల్లో కూర్చుని ఉంటుంది. మతి లేనన్నాళ్లూ తనని చూసుకున్న కమల్ మాత్రం గుర్తుండడు. పాపం, గుర్తుచేద్దామని నెత్తిన గిన్నె పెట్టుకుని కోతిలా గెంతుతాడు. ఎవరో పిచ్చివాడనుకుంటుంది.

కూనూరు, వెల్లింగ్టన్, అరవంకాడు దాటాయి. కేత్తిలో రైలు ఆగీ ఆగగానే బాబాయి దిగిపోయాడు, పిన్ని పులిహోర డబ్బా చంకన పెట్టుకుని. ఫోను నా చేతికిచ్చి, "బండి కదిలాకే తియ్యరా, లేకపోతే ఫీల్ రాదు" అన్నాడు.

కదిలింది. బాబాయి డబ్బా నెత్తికెత్తుకుని కిటికీ వెంట పరుగు. "ఏమేవ్! నేనేనే!"

పిన్ని అవతలి కిటికీలోంచి లోయలో క్యారెట్ తోటలు చూస్తోంది. ఎదురు సీట్లో తమిళ మామ్మగారు మాత్రం కరిగిపోయి, సంచిలోంచి అరటిపండు తీసి విసిరింది.

కమల్ తల ఇనుప స్తంభానికి కొట్టుకుంటుందని బాబాయికి బాగా గుర్తు. అందుకే స్తంభాన్ని జాగ్రత్తగా తప్పించుకున్నాడు. అరటిపండు కోసం వచ్చిన కోతుల్ని తప్పించుకోలేకపోయాడు. వాటికి పులిహోర వాసన తగిలింది. ఒకటి భుజం ఎక్కింది, ఇంకోటి మూత లాగింది. ఈసారి "ఏమేవ్!"లో నటన లేదు. 2005లోనే యునెస్కో గుర్తింపు తెచ్చుకున్న రైలు కదా, మా బాబాయి కోసం ఏం ఆగుతుంది?

మేం ఊటీలో దిగేసరికి ఆయన ఆటోలో వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా పసుపు, జేబులో రెండు వేరుశనగ పలుకులు, చెవి మీద కరివేపాకు.

పిన్ని ఎగాదిగా చూసింది.

"డబ్బా ఏదీ?"

"కోతి పట్టుకుపోయింది."

"మూత?"

"అది ఇంకో కోతి."

"మా అమ్మ పేరు చెక్కించి మరీ ఇచ్చిందండీ ఆ డబ్బా!"

బాబాయి నా వైపు తిరిగి మెల్లగా, "తీశావా?" అన్నాడు.

"మామ్మగారు బాగా వచ్చింది బాబాయ్."

పిన్ని అప్పటికే సామాను లెక్కపెట్టుకుంటోంది. "వెళ్లేటప్పుడు కేత్తిలో దిగి వెతకండి. బండి కదిలిపోయినా పర్లేదు."