బెన్నులో ఉప్పు దొరికితే ఊరు దొరికినట్టా?

ఈ వారంలో ఆ మెసేజీ నాకు ఆరుసార్లు వచ్చింది. చివరిసారి పంపినవారు టెక్కలిలో సైన్సు చెప్పే మిత్రులు. తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించారట! అందుకే ఈ జవాబు. "బెన్ను గ్రహశకలం ఒకప్పుడు జీవులు బతికి, పేలిపోయిన గ్రహం ముక్క. అందులో ఉప్పు, జీవం దొరికాయి. 2182లో మనల్ని ఢీకొంటుంది, నాసా దాస్తోంది. ఉల్కలు ఊరికే పడుతుంటే 121 గ్రాముల మట్టికి అంత ఖర్చా?" ఇదీ దాని సారాంశం. ఆ 121 గ్రాములు నాసా వ్యోమనౌక బెన్ను మీద నుంచి తెచ్చిన మట్టి.

దాచడమా? 2182 సెప్టెంబరు 24 అని తేదీతో సహా చెప్పినది నాసాయే. అవకాశం 2,700లో ఒకటి.

ఖర్చుకు జవాబు ఉప్పులోనే ఉంది. నౌపడ ఉప్పు మడుల్లో నీరు ఇగిరేకొద్దీ లవణాలు పేరుకోవడం మనం చూసినదే. బెన్ను మాతృశిలలోనూ, అంటే బెన్ను ఏ పెద్ద శకలం ముక్కలతో ఏర్పడిందో దానిలోనూ, ఉప్పునీరు అలాగే ఇగిరింది. ఫాస్ఫేట్లు, చాకలి సోడా జాతికి చెందిన ట్రోనా, చివరికి మనం కూరలో వేసే ఉప్పు కూడా మిగిలాయి. నేల మీద పడిన ఉల్కల్లో ఇలాంటివి నిలవడం కష్టం. వానాకాలంలో మన వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లి నీరు కారదా? అందుకే ఆ మట్టిని గాలి తగలకుండా నైట్రోజన్‌లో భద్రపరిచారు.

ఇక పేలిన గ్రహం! గ్రహశకలాల పట్టీలోని రాళ్ళన్నీ ముద్ద చేసినా చంద్రుడి బరువులో దాదాపు 3 శాతమే. దానితో ఏ గ్రహం కడతారు? గ్రహమంతటిదై కరిగి ఉంటే ఇనుము అడుగుకు దిగిపోయేది. కానీ బెన్ను మట్టిలోనూ, జపాన్ నౌక హయబుసా-2 తెచ్చిన ర్యుగు అనే మరో గ్రహశకలం మట్టిలోనూ మూలకాల పాళ్ళు, తేలికపాటి వాయువులను మినహాయిస్తే, సూర్యుడి పాళ్ళకు దగ్గరగా ఉన్నాయి. సూర్యుడికన్నా ముందే పుట్టిన నక్షత్రాల రేణువులు కరగకుండా ఉన్నాయి. అమ్మోనియా దండిగా ఉంది. అంటే మాతృశిల పుట్టినది సూర్యుడికి దూరంగా, అమ్మోనియా సైతం గడ్డకట్టే చలిలో. అది పగిలిన ముక్కలు గుట్టగా చేరితే అర కిలోమీటరు బెన్ను అయింది. ఈ గుట్ట మీద ఎవరు కాపురం చేశారు మాస్టారూ?

జీవమూ దొరకలేదు. దొరికినవి 14 రకాల ప్రోటీన్ అమైనో ఆమ్లాలు, జన్యుపదార్థంలోని అయిదు క్షారాలు. అమైనో ఆమ్లాలకు అద్దంలో ప్రతిబింబాల్లా కుడి, ఎడమ రూపాలుంటాయి; మన ప్రోటీన్లు ఎడమ రూపాన్నే వాడతాయి. బెన్నులో కుడి, ఎడమ దాదాపు సమానం. ఇటుకలు ఉన్నాయి, ఇల్లు లేదు.

ఒకటి ఒప్పుకుంటాను. మెసేజీ కింద ఒకరు, "మన సూక్ష్మజీవులే ఆ మట్టిలో చేరితే?" అని అడిగారు. మొదట కొట్టిపారేశాను. కానీ లండన్‌లో పరీక్షించిన ర్యుగు రేణువు ఒకదాని మీద సూక్ష్మజీవులు నిజంగానే పెరిగాయి. వాటి సంఖ్య పెరిగి తగ్గిన తీరును బట్టి భూమివేనని తేల్చారు. అడిగినవారిది మంచి అనుమానం.

మాస్టారూ, ఆ పిల్లలను ఒకసారి నౌపడ తీసుకురండి. నేనూ వస్తాను.