ఐదు నిమిషాల్లో పెంపకం తెలిసిపోతుందా?

"డబ్బు ఎంతైనా సంపాదించవచ్చు, పెంపకాన్ని మాత్రం కొనలేం. మనిషి ఎలాంటి ఇంట్లో పెరిగాడో ఐదు నిమిషాల్లో పట్టిచ్చే ఆరు గుర్తులు ఇవిగో" అంటూ ఒక పోస్టు కొన్నాళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. ఒకసారి పూల బొమ్మతో వస్తుంది, ఇంకోసారి ఎవరో మహానుభావుడి పేరు తగిలించుకుని వస్తుంది. సారాంశం ఎప్పుడూ ఒకటే. మంచి ఇంట్లో పెరిగినవాడు భోజనాల బల్ల దగ్గర తడబడడు. మాటమాటకీ థాంక్యూ, సారీ అంటాడు. గొంతు పెంచడు. డబ్బు ఊసెత్తడు. యాస లేకుండా మాట్లాడతాడు. వెయిటర్‌తో మర్యాదగా ఉంటాడు. అడుగున ముక్తాయింపుగా సామెత: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

నాకు ఇది పంపినవాళ్లు మంచివాళ్లే. పిల్లలకు నాలుగు మంచి అలవాట్లు నేర్పాలన్న ఉద్దేశంతోనే పంపుతారు. మర్యాదతో నాకు పేచీ ఏమీ లేదు. ఈ ఆరింటిలో ఐదు గుర్తులు కొలిచేది మాత్రం అంతస్తుని. అంతస్తు అని పైకి అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి దానికి పెంపకం అని పేరు పెట్టుకున్నాం.

ముందు ఆ "ఐదు నిమిషాల" సంగతి. ఇది పూర్తిగా అబద్ధం కాదు, నిజానికి ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. మైకెల్ క్రాస్, డాకర్ కెల్ట్‌నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముక్కూమొహం తెలియని విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి మాట్లాడుకోమని, ఆ వీడియోల్లోంచి ఒక్కో నిమిషం ముక్క తీసి వేరేవాళ్లకు చూపించారు. ఆ మనిషిది ఎంత ఉన్న కుటుంబమో, తల్లి ఎంతవరకు చదువుకుందో చూసినవాళ్లు చెప్పగలిగారు. గుడ్డి ఊహ కంటే వాళ్ల లెక్క మెరుగ్గానే వచ్చింది.

మరి వాళ్లను పట్టిచ్చిన గుర్తులేమిటి? కలిగినింటి పిల్లలు ఎదుటివాడు మాట్లాడుతుంటే కాగితం మీద పిచ్చిగీతలు గీశారు, దగ్గరున్న వస్తువులతో ఆడారు, జుట్టూ బట్టలూ సర్దుకున్నారు. అంతగా లేని ఇళ్ల పిల్లలు తల ఊపారు, నవ్వారు, కళ్లలోకి చూశారు. ఇప్పుడు ఆ పోస్టు కొలబద్ద తీసుకుని ఎవరి పెంపకం మంచిదో మీరే చెప్పండి. ఉన్నవాళ్లంతా మొరటువాళ్లని నేననడం లేదు. ఎదుటివాడి దయతో పనిలేనివాడికి వాణ్ణి మెప్పించే అవసరం తక్కువ, అంతవరకే. అంతస్తు గుర్తులు ఉంటాయి, కనబడతాయి కూడా. వాటిని సంస్కారం ఖాతాలో రాసుకోవడమే పొరపాటు.

ఇక బల్ల దగ్గర తడబాటు. యూరప్‌లో ఎక్కువ భాగంలో పదిహేడో శతాబ్దం దాకా తినడానికి ఫోర్క్ వాడటం మామూలు విషయం కాదు, రాజులూ ప్రభువులూ చేత్తోనే తినేవారు. 1530లో ఎరాస్మస్ అనే డచ్ పండితుడు పిల్లల నడవడి గురించి లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. యూరప్ అంతా దాన్ని చదివింది. జిడ్డు వేళ్లు నాకొద్దు, కోటుకు తుడుచుకోవద్దు, బల్ల మీది గుడ్డకు తుడుచుకో అంటాడు అందులో. ముక్కు బట్టలకు తుడవొద్దనీ చెబుతాడు. ఈ పుస్తకం అంకితం ఇచ్చింది ఒక ప్రభువంశపు బాలుడికి! అంత పెద్దింటి బిడ్డకు కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెబితేనే వచ్చిందన్నమాట. ఈ అలవాట్ల చరిత్రను తవ్వి 1939లో పుస్తకం వేసిన సమాజ శాస్త్రవేత్త నోర్బర్ట్ ఎలియాస్ ఇంకో సంగతి గమనించాడు. ఆస్థానంలో పుట్టిన పద్ధతిని కింది తరగతులు నేర్చుకునేసరికి పైవాళ్లకు అందులో ప్రత్యేకత మిగలదు, ఇంకాస్త నాజూకు పద్ధతి పుట్టుకొస్తుంది. ఏ స్పూను ముందు ఎత్తాలో తెలియనివాడు ఆ బల్లకు కొత్తవాడు. కొత్త ఊళ్లో బస్సు నంబర్లు తెలియనివాడి పెంపకాన్ని మనం అనుమానించం కదా.

థాంక్యూల లెక్క కూడా తేలిపోయింది. ఐదు ఖండాల్లో ఎనిమిది భాషల్లో జనం ఇళ్లలో, పనుల్లో మామూలుగా మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి, 2018లో సైమన్ ఫ్లాయిడ్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. అడిగిన సాయం అందాక నోటితో కృతజ్ఞత చెప్పిన సందర్భాలు సగటున నూటికి ఆరు కూడా లేవు. ఇంగ్లిష్, ఇటాలియన్ మాట్లాడేవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ చెప్పారు, అదీ నూటికి పదిహేను దాటలేదు. ఈక్వడార్‌లోని చపలా భాషలో ఆ మాట కోసం ప్రత్యేకంగా పదమే లేదు. దగ్గరివాళ్ల మధ్య సాయం అడగడం, చేయడం మామూలుగా సాగిపోతుంది. మళ్లీ సాయపడటంతోనే ఆ రుణం తీరుతుంది. థాంక్యూ అన్నది పరాయివాళ్ల మధ్య, దుకాణంలో, ఆఫీసులో అక్కరకొచ్చే పనిముట్టు. మంచి పనిముట్టే, నేనూ వాడతాను. కానీ దాని లెక్కతో ఇంటి సంస్కారం తూచలేం.

గొంతు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పదిమంది ఒకే గదిలో పెరిగితే, రోజంతా యంత్రాల మోతలో పనిచేస్తే గొంతు దానంతటదే పెరుగుతుంది. మెల్లగా మాట్లాడాలంటే విడిగా గదులుండాలి. డబ్బు ఊసెత్తకపోవడమూ ఇంతే, కొదవ లేనివాడికే అది కుదురుతుంది. నెలాఖరుకు ఎంత మిగిలిందో లెక్కపెట్టుకునే ఇంట్లో డబ్బు మాట రాకుండా ఎలా ఉంటుంది? పైగా తోటి ఉద్యోగులు జీతాలు చెప్పుకోకపోతే లాభం ఎవరికో ఆలోచించండి. అమెరికాలో 1935 నాటి కార్మిక చట్టం ఆ మాటలకు రక్షణ ఇచ్చింది ఊరికే కాదు.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది "యాస లేకుండా" అన్న ముక్క. యాస లేని మనిషి భూమ్మీద లేడు. అధికారం ఉన్నవాళ్ల యాసను మనం యాస అనం, అంతే తేడా. విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త 1962లో న్యూయార్క్‌లో మూడు పెద్ద స్టోర్లకు వెళ్లాడు. ఒకటి ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చవక. నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఏదో ముందే చూసుకుని, అది ఎక్కడుందని అక్కడి సేల్స్‌మెన్‌ని, సేల్స్‌గర్ల్స్‌ని అడిగేవాడు. "ఫోర్త్ ఫ్లోర్" అనే జవాబులో "ర్" పలుకుతున్నారా, మింగేస్తున్నారా అన్నదే ఆయనకు కావాలి. ఖరీదైన స్టోర్‌లో పదిమందిలో ఆరుగురు ఎంతో కొంత పలికారు, చవక స్టోర్‌లో ఇద్దరే. ఈ జవాబు చెప్పినవాళ్లు అక్కడ కొనేవాళ్లు కాదు, అమ్మేవాళ్లు. తమ దగ్గరికొచ్చే ఖాతాదారుల పలుకు వాళ్ల నోటికి అంటుకుంది. అమ్మానాన్నల కంటే నిలబడ్డ చోటు ఎక్కువ పనిచేసింది. వలస వెళ్లిన కుటుంబాల్లో పిల్లలు ఇంట్లోవాళ్లలా కాక బడిలో స్నేహితుల్లా మాట్లాడటం మనం రోజూ చూసేదే. ఇంకో తమాషా ఏమిటంటే, న్యూయార్క్‌లో గొప్ప అనిపించుకున్న ఆ "ర్" అదే కాలంలో లండన్‌లో పలికితే నాటు.

ఇంగ్లండ్ మాట వచ్చింది కాబట్టి మరొకటి. 1954లో అలన్ రాస్ అనే ఆచార్యుడు అక్కడి పై తరగతివాళ్లను మిగతావాళ్ల నుంచి వేరుచేసే మాటలను జాబితా వేశాడు. వినపడనప్పుడు వినయంగా "పార్డన్?" అంటే కింది తరగతి. ముఖం మీద కొట్టినట్టు "వాట్?" అంటే పై తరగతి. మర్యాద ఎక్కువైతే అంతస్తు తగ్గిపోయిందన్నమాట! పోస్టు రాసినవాళ్లు ఈ జాబితా చూసి ఉంటే రెండో గుర్తు దగ్గరే ఆగిపోయేవారు.

ఇవన్నీ కబుర్లకే పరిమితమైతే నేనింత రాసేవాణ్ణి కాదు. క్రాస్ బృందమే 2019లో ఇంకో అధ్యయనం ప్రచురించింది. ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఇంటర్వ్యూకు ముందు తమ గురించి చెప్పుకున్న కాసిని మాటలను, ఉద్యోగులను ఎంపిక చేసిన అనుభవమున్న 274 మందికి ఇచ్చారు. రెజ్యూమె చూపించలేదు. పై తరగతి నుంచి వచ్చినవాళ్లనే వాళ్లు ఎక్కువ సమర్థులని అనుకున్నారు, వాళ్లకే ఎక్కువ జీతం ఇవ్వవచ్చన్నారు.

ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఒకప్పుడు నేనూ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నాను. ఒక కుర్రాడు వచ్చాడు, కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. కూర్చున్నాక కుర్చీ అంచునే కూర్చున్నాడు. అడిగినవాటికి జవాబులన్నీ సరిగ్గానే చెప్పాడు, కానీ టెన్షన్‌లో గొంతు కాస్త పెద్దదైంది, కొన్ని మాటలు వాళ్ల ఊరి తీరులో పలికాడు. అతను వెళ్లాక మాలో ఒకరు "పాలిష్ లేదు" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు. తల ఊపాను. అతని జవాబులు ఏ మార్కుల షీటులో ఉన్నాయో, "పాలిష్ లేదు" అన్నదీ అదే షీటు అంచున పెన్సిల్‌తో ఉంది. ఉద్యోగం వేరే అతనికి వెళ్లింది. మర్యాద ప్రకారం చూస్తే ఆ రోజు గదిలో తప్పుగా నడుచుకున్నది ఆ కుర్రాడు కాదు.

ఆరింటిలో నేను ఒప్పుకునేది వెయిటర్ గుర్తు. తిరిగి మాట అనలేని మనిషితో ఎలా ఉన్నామన్నది నిజంగానే పెద్ద విషయం. కానీ అది కూడా ఒక్క పూటలో తేలేది కాదు. ఈ పరీక్ష సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. పెళ్లిచూపులకో, ఇంటర్వ్యూ భోజనానికో వెళ్లినవాడు వెయిటర్‌ని చూసి చిరునవ్వు నవ్వకుండా ఉంటాడా? ఈ సూత్రానికి పేరొచ్చిన కథ కూడా వినదగ్గదే. అమెరికాలో రేథియాన్ అనే ఆయుధాల కంపెనీకి అప్పట్లో అధిపతిగా ఉన్న బిల్ స్వాన్సన్ రాసిన నియమాల చిట్టి పుస్తకం వల్ల ఇది బాగా ప్రచారమైంది. ఆ నియమాల్లో చాలావాటిని 1944లో డబ్ల్యూ. జె. కింగ్ అనే ఇంజినీరు రాసిన పుస్తకంలోంచి ఎత్తేశారని 2006లో బయటపడింది. వెయిటర్ మాటకేమో హాస్య రచయిత డేవ్ బారీ అంతకు ముందే రాసిన వాక్యంతో దగ్గరి పోలిక ఉంది. కంపెనీ బోర్డు ఆయన జీతం పెంపు ఆపేసింది. వెయిటర్లతో మాత్రం ఆయన మర్యాదగానే ఉండి ఉండవచ్చు.

చివరికి ఆ సామెత. ప్రభువంశపు పిల్లాడికి ముక్కు తుడుచుకోవడం నేర్పిన ఎరాస్మస్ తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. తండ్రి చర్చి మతాచార్యుడు. ఎరాస్మస్‌కు ఇంకా మీసకట్టు వచ్చే వయసులోనే ఇద్దరూ ప్లేగుకు పోయారు. పుట్టుకను బట్టి బుద్ధిని లెక్కగడితే ఆయన కలం పట్టేవాడే కాదు. తల్లిదండ్రులనూ దేశాన్నీ ఎవరూ ఎంచుకోలేరు, గుణాన్ని మాత్రం ఎవరికి వారు మలుచుకోగలరు అని ఆ పుస్తకంలోనే రాశాడు. తాను తప్పు చేయకుండా చూసుకుంటూ ఎదుటివాడి తప్పును సులువుగా మన్నించడమే నడవడిలో పెద్ద భాగమన్నాడు. తోటివాడు తెలియక పొరపాటు చేస్తే, చెప్పక తప్పదనుకుంటే, ఎవరూ లేనప్పుడు మెత్తగా చెప్పమన్నాడు. జాబితా వేసి నలుగురికీ పంచమని మాత్రం ఎక్కడా అనలేదు.