కుక్క, టూల్‌బాక్స్, అల్ గోర్: ఇరేనా సెండ్లర్ ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఫ్యామిలీ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న వాట్సాప్ మెసేజ్ ఒకటుంది. చూడనివాళ్ల కోసం సారాంశం: ఇరేనా సెండ్లర్ అనే జర్మన్ మహిళకు యూదులను చంపాలన్న నాజీల ప్లాన్ ముందే తెలుసు. అందుకే ప్లంబర్‌గా వార్సా గెట్టోలో, అంటే యూదులను గోడల మధ్య బంధించిన పేటలో, పనికి చేరింది. పసిపిల్లల్ని టూల్‌బాక్సులో, కాస్త పెద్దవాళ్లను గోనెసంచిలో పెట్టి ట్రక్కులో బయటికి తెచ్చింది. ఏడుపు వినపడకుండా మొరగడానికి ఓ కుక్కకు ట్రైనింగ్ ఇచ్చింది. అలా ఒక్కతే 2,500 మందిని కాపాడింది. పట్టుబడితే కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. పిల్లల పేర్లు సీసాలో పెట్టి తన పెరట్లో పాతింది. "గత ఏడాది" నోబెల్ మాత్రం వాతావరణ మార్పుపై స్లైడ్ షో చూపించిన అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ కొట్టేశాడు.

మనిషి నిజం. బతికిన పిల్లలూ నిజం. మిగతాది విడదీసి చూడాల్సిందే.

ముందు ఆ "జర్మన్ ప్లంబర్" సంగతి. ఇరేనా పోలండ్ మనిషి, 1910లో పుట్టింది. తండ్రి డాక్టరు. పేద రోగులకు వైద్యం చేస్తూ టైఫస్ అనే అంటుజ్వరం సోకి 1917లో పోయాడు. ఆమె వార్సా నగర సంక్షేమ శాఖలో ఉద్యోగి. గెట్టో గేటు దాటించింది పైపుల పని కాదు, అంటువ్యాధుల తనిఖీ పాస్. పోలండ్‌ను ఆక్రమించిన జర్మన్లకు టైఫస్ అంటే హడల్. ఆ భయాన్నే ఇరేనా, ఆమె తోటి ఉద్యోగులు బాగా వాడుకున్నారు. యూదు కుటుంబాలను దొంగపేర్లతో సాయం జాబితాలో ఎక్కించి, ఇంట్లో టైఫస్ ఉందనో క్షయ ఉందనో రాసేసేవారు. ఇక ఆ ఇంటికి తనిఖీకి ఎవరూ పోరు. మన దగ్గర దొంగ రేషన్ కార్డు రాస్తే ఉద్యోగం పోతుంది. అక్కడ 1941 అక్టోబరు నుంచి యూదులకు ఆశ్రయమిస్తే మరణశిక్ష. నన్నడిగితే కుక్క కంటే ఈ ఫైళ్ల పనే గొప్ప సాహసం. ఫార్వర్డ్‌లో మాత్రం దాని ఊసే లేదు.

నాజీల ప్లాన్ ముందే తెలుసా? రహస్య సమాచారంతో పనేముంది? 1940 నవంబరులో మూసేసిన ఆ గోడల మధ్య నాలుగు లక్షల మందికి పైగా కుక్కారు. ఆకలి చావులు ఆమె కళ్లెదుటే జరిగాయి. 1942 జులై 18న ఆ గెట్టోలోనే, అనాథాశ్రమం నడిపే డాక్టరూ రచయితా అయిన యానుష్ కోర్చాక్ ఆశ్రమంలో పిల్లలు టాగోర్ 'డాక్‌ఘర్' నాటకం ఆడారు. నాలుగు రోజులకే ట్రెబ్లింకా మరణ శిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టులో ఆ పిల్లల్ని తీసుకుపోయినప్పుడు, తప్పించుకునే దారి ఉన్నా కోర్చాక్ వాళ్లతోనే వెళ్లాడు. ఆ నడకను చూశానని ఇరేనా తర్వాత చెప్పింది.

పెట్టె కథలో నిజం ఉంది. ఎల్జ్‌బియెటా ఫిట్సోవ్‌స్కా ఆరు నెలల పాపగా, గాలి రంధ్రాలున్న చెక్కపెట్టెలో, ఇటుకల లోడు మధ్య బయటికొచ్చింది. పెట్టెలో పాపతో పాటు ఒక వెండి చెంచా పెట్టారు. దానిమీద చెక్కిన ముద్దుపేరు, పుట్టిన తేదీ 1942 జనవరి 5. పెంచింది ఇరేనాతో కలిసి పనిచేసిన ఓ మంత్రసాని. ఇంకొందరు పిల్లలు లెష్నో వీధి కోర్టు భవనం గుండా దాటారు. ఒక గుమ్మం గెట్టో వైపు, ఇంకోటి బయటికి. కుక్కా ఉంది, కానీ ఆమెది కాదు. అది ఓ ఆంబులెన్సు డ్రైవరుదని జ్ఞాపకాల్లో ఉంది.

"ఒక్కతే" అన్నది మాత్రం అన్యాయం. ఆ మాటకు ఇరేనాయే ఒప్పుకునేది కాదు. ఇరేనా షుల్ట్స్ లాంటి సహోద్యోగులు, కాన్వెంట్ల నన్‌లు, పిల్లల్ని ఇంట్లో దాచుకున్న కుటుంబాలు, డబ్బు సర్దిన జెగోటా అనే రహస్య సంస్థ: ఇంతమంది చేయి పడితే ఆ పని జరిగింది. 2,500 కూడా వీళ్లందరి లెక్కే, దానిమీద చరిత్రకారుల మధ్య వాదన నడుస్తూనే ఉంది.

సీసాలు నిజమే. పాతింది స్నేహితురాలి పెరట్లో, ఆపిల్ చెట్టు కింద. 1943 అక్టోబరులో నాజీ రహస్య పోలీసులు గెస్టాపో తలుపు బాదినప్పుడు పిల్లల పేర్ల జాబితాను కిటికీలోంచి విసిరేద్దామంటే కిందా వాళ్లే. యానినా గ్రబోవ్‌స్కా అనే స్నేహితురాలు దాన్ని లోదుస్తుల్లో దాచేసింది. ఇల్లంతా వెతికినా దొరకలేదు.

పాతిపెట్టింది ఇరేనా బృందమే కాదు. గెట్టోలో చిత్రకారిణి గేలా సెక్‌స్టైన్ వేసిన వాటర్ కలర్ బొమ్మలు 1942 ఆగస్టులో, గెట్టో బతుకును రహస్యంగా నమోదు చేసిన రింగెల్‌బ్లూమ్ ఆర్కైవ్‌తో పాటు రేకు డబ్బాల్లో భూమిలోకి వెళ్లాయి. 1946లో తవ్వితే బయటపడ్డాయి. ఆమె, భర్త, చిన్నారి కూతురు ఎవరూ మిగల్లేదు.

చిత్రహింసలు పెట్టారన్నది నిజం. మరణశిక్ష కూడా వేశారు. అంత పెద్ద సంగతిని ఫార్వర్డ్ వదిలేసింది. జెగోటా లంచమిచ్చి ఆమెను తప్పించింది. కాల్చేసినవాళ్ల జాబితాలో ఆమె పేరు కూడా ప్రకటించారు. యుద్ధం ముగిసేదాకా మారుపేరుతో బతికింది.

ఇక నోబెల్. 2007లో ఆమె పేరును పోలండ్ ప్రభుత్వం బాహాటంగానే బలపరిచింది. కానీ అల్ గోర్‌తో పోటీలో చివరిదాకా వచ్చి ఓడిందనడానికి ఆధారం లేదు. నామినేషన్ల వివరాలు 50 ఏళ్ల వరకు బయటపెట్టరు. "గత ఏడాది" అని ఇప్పటికీ తిరుగుతోంది గానీ, ఇరేనా 2008 మేలోనే చనిపోయింది. ఆమెను ఎవరూ పట్టించుకోలేదన్నదీ సగం మాటే: ఇజ్రాయెల్‌లోని యూదు నరమేధ స్మారక సంస్థ యాద్ వషేం 1965లోనే గుర్తించింది, 2003లో పోలండ్ అత్యున్నత పురస్కారం ఇచ్చింది. బయటి ప్రపంచానికి బాగా తెలిసింది మాత్రం 1999లో అమెరికాలోని కాన్సస్ స్కూలు పిల్లలు మొదలుపెట్టిన నాటకంతో.

అసలు 2007 శాంతి బహుమతి అల్ గోర్ ఒక్కడిదే కాదు. సగం ఐక్యరాజ్య సమితి వాతావరణ మార్పుల సంఘానిది. అప్పట్లో దాని అధ్యక్షుడు మన రాజేంద్ర పచౌరీ. నాదాకా వచ్చిన ఏ ఫార్వర్డ్‌లోనూ ఆయన పేరు లేదు.